కడప పెద్ద దర్గా దారిలో అత్తరంగడి: సీసాలో ఏముందో చెప్పి అమ్మే చోటు

కడపలో మంచి అత్తరు ఎక్కడ దొరుకుతుందని స్కూల్లో తోటి టీచర్లు అడుగుతూనే ఉంటారు, అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నా. పెద్ద దర్గాకు పోయే దారిలో టోపీలు, తస్బీలు, చాదర్లు అమ్మే అంగళ్ల వరసలో ఒక చిన్న అత్తరంగడి ఉంది. ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. పేరు రాయొద్దమ్మా, వచ్చేవాళ్లు ఎట్లా వస్తారో అట్లే రానీ అని యజమాని అన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. కింద కడప బండలు, గోడకు పాత టేకు బీరువా, దాంట్లో గాజు బిరడాల సీసాలు కనపడితే అదే. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశాను.

యజమానికి డెబ్బై దాటి ఉంటాయి, అందరూ చాచా అంటారు, నేనూ అట్లనే పిలుస్తాను. ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది ఎంతలో కావాలని కాదు, పూసుకుని ఎక్కడికి పోతారని. ఎండలో బస్సెక్కి ఉద్యోగానికి పోయేవాళ్లకు ఒకటి, పెళ్లికి ఒకటి, జుమా నమాజుకు ఒకటి. చెయ్యి వెనక్కి తిప్పమని గాజు పుల్లతో చుక్క పెడతారు, రుద్దనివ్వరు. "కాసేపు ఆగమ్మా, ఇప్పుడు వచ్చేది పై వాసన, అసలుది తర్వాత వస్తది" అని తన పని తాను చూసుకుంటారు. నాలుగైదు సీసాలు చూశాక మన ముక్కు మొద్దుబారిపోతుంది కదా, అప్పుడు ఇంకేదీ మూత తీయరు, మళ్లీ రమ్మంటారు. ఎవరైనా ఆ టైంలోనే ఖరీదైనది అంటగడతారు, ఈయన పంపించేస్తారు.

నేనున్నప్పుడే ఒకసారి బయటి ఊరి అబ్బాయి ఎర్రచందనం అత్తరు కావాలని వచ్చాడు. కడప అంటే ఎర్రచందనం, కాబట్టి ఆ అత్తరు ఇక్కడే అసలుది దొరుకుతుందని అతని లెక్క. ఫోన్లో ఆన్‌లైన్ ఫొటో కూడా చూపించాడు, ఎర్రటి సీసా, దాని మీద మన శేషాచలం కొండల బొమ్మ. చాచా ఎదురుగా ఎర్రటి అత్తరు సీసా ఉంది, తీసి ఇస్తే అతను మారు మాట్లాడకుండా కొనేవాడు. "నక్కో బేటా, ఎర్రచందనానికి వాసన యాడుంది? దుంగ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏం రాదు" అన్నారు. నిజమే, శేషాచలం, పాలకొండలు, లంకమల అడవుల్లో పెరిగే మన ఎర్రచందనం రంగుకూ కొయ్యకూ పేరు, సువాసన నూనె ఇచ్చేది శ్రీగంధం, అది పూర్తిగా వేరే చెట్టు. ఈ సంగతి మన జిల్లా వాళ్లకే చాలామందికి తెలియదు. ఆ అబ్బాయి ఏమీ కొనకుండానే పోయాడు, చాచా మొహంలో ఏ మార్పూ లేదు.

నాకు ఈ అంగడి మీద గురి కుదిరింది ఇక్కడే.

బీరువాలో సరుకు మూడు అరలుగా ఉంటుంది. పై అరలో అత్తర్లకు పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్ నుంచి తెప్పించినవి, పూలూ వేర్లూ మట్టీ బట్టీ పెట్టి తీసిన అసలువి. నడిమి అరలో కొంత అసలు, కొంత కలిపినవి. కింది అరలో మొత్తం ల్యాబుల్లో తయారైన వాసనలు. ఏది ఏ అరదో అడక్కముందే చెప్తారు. కస్తూరి అని రాసున్న ప్రతి సీసా కింది అరలోనే ఉంటుంది, ఎందుకంటే కస్తూరి జింక 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉంది, దాని కస్తూరి అమ్మడం నేరం. అంబర్ అంతే, అది తిమింగలం కడుపులో పుట్టే పదార్థం, మన దేశంలో దగ్గర ఉంచుకున్నా కేసే. కాబట్టి ఎవరైనా మీకు అసలు కస్తూరి అత్తరని ఇస్తుంటే వాళ్లు అబద్ధమన్నా చెప్తున్నారు, లేదా చట్టాన్నన్నా మీరుతున్నారు. ఊద్ కథ వేరు. అస్సాం వైపు పెరిగే అగరు చెట్టుకు బూజు పట్టి, ఆ గాయం చుట్టూ చెట్టు తన జిగురు ఊరించుకుంటే ఆ నల్లబడ్డ కొయ్యలో నుంచి వచ్చేది ఊద్. ఆరోగ్యంగా ఉన్న చెట్టులో అది ఉండదు. రెండొందలకు ఊద్ కావాలని వచ్చేవాళ్లకు చాచా కింది అర చూపించి, "ఇది ఊద్ మాదిరి వాసన, ఊద్ కాదు, బాగుంటే తీసుకో" అంటారు. చాలామంది తీసుకుంటారు కూడా. కింది అరది కొనడంలో తప్పేం లేదు, బాగున్నవి బోలెడున్నాయి, తెలిసి కొంటున్నామా లేదా అన్నదే లెక్క.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ముస్లింల చరిత్ర అనగానే మా పాఠాల్లో వచ్చేది సుల్తాన్లు, దండయాత్రలు, పన్నులు, ఆ తర్వాత కట్టడాలు. బజారు గురించి వచ్చేది అలాఉద్దీన్ ఖిల్జీ దగ్గర ఒక్కసారి, ధరల కట్టడి అని. తూకం తగ్గించిన వ్యాపారి ఒంట్లోంచి అంత మాంసం కోయించేవాడని చరిత్రకారుడు బరనీ రాసింది పిల్లలు పరీక్ష అయిపోయాక కూడా మర్చిపోరు. కానీ బజార్లో ఎట్లా నడుచుకోవాలి, అమ్మేవాడు ఎంతవరకు చెప్పాలి, కొన్నవాడికి ఏ హక్కులున్నాయి అనేదాని మీద ముస్లిం పండితులు వందల ఏళ్ల పాటు ఎంత లోతుగా ఆలోచించారో ఎక్కడా రాదు. నాకు దానిమీద ఎప్పటినుంచో ఆసక్తి, దొరికినవన్నీ చదువుతుంటాను. ఈ అంగట్లో అదంతా రోజువారీ పనిలో కనపడుతుంది.

సుగంధాల్లో కల్తీ నిన్నా మొన్నటిది కాదు. పదో శతాబ్దిలో దేశాలు తిరిగిన అల్-మసూదీ, టిబెట్ కస్తూరి చైనా కస్తూరి కంటే ఎందుకు మేలో కారణాలు రాశాడు. టిబెట్ జింకలు మేసేది వాసన గడ్డి అని, అక్కడివాళ్లు కస్తూరిని దాని తిత్తిలోనే ఉంచి అమ్ముతారని, చైనాలో తిత్తి విప్పి కలిపేస్తారని. అంతకు ముందు శతాబ్దిలో, 873 ప్రాంతంలో చనిపోయిన అల్-కిందీ అనే బాగ్దాద్ తత్వవేత్త సుగంధాల తయారీ మీద నూటికి పైగా తయారీ పద్ధతులతో ఒక గ్రంథమే రాశాడు. అందులో ఖరీదైన కస్తూరిలాంటి వాటికి బదులు అదే వాసన వచ్చేలా ఏమేం కలపాలో కూడా ఉంది, అంటే చాచా కింది అర అన్నమాట. ఈ అల్-కిందీయే గ్రీకు తత్వశాస్త్రాన్ని అరబీలోకి తెచ్చే పనిలో ముందున్నవాడు. సత్యం పరాయి జాతుల నుంచి వచ్చినా, మనకు దూరపువాళ్ల నుంచి వచ్చినా తీసుకోవడానికి సిగ్గుపడకూడదని రాసినవాడు. దేవుడి ఏకత్వం గురించి వాదించిన మనిషే అత్తరు బట్టీ దగ్గర కూచుని కొలతలు రాసుకున్నాడంటే, ఆ కాలంలో చదువును ఎట్లా చూశారో తెలుస్తుంది. నాకు ఆయనంటే చాలా గౌరవం.

కల్తీ ఉన్నచోట తనిఖీ కూడా పుట్టింది. ముహ్‌తసిబ్ అని బజారు అధికారి ఉండేవాడు, తూకాలు, కొలతలు, సరుకు నాణ్యత చూసేవాడు. అతను ఏం చూడాలో చెప్పే పుస్తకాలు ఉండేవి. 12వ శతాబ్దిలో సిరియాలో అల్-షైజరీ రాసిన దాంట్లో రొట్టెలు కాల్చేవాళ్లు, మాంసం అమ్మేవాళ్లు, వైద్యులతో పాటు మందులూ సుగంధాలూ అమ్మేవాళ్ల గురించి కూడా ఉంది, వాళ్లు దేంట్లో ఏం కలుపుతారో, ఎట్లా పట్టుకోవాలో. మన ఆహార కల్తీ ఇన్‌స్పెక్టర్ చేయాల్సిన పనే.

ఇక ధర్మం వైపు నుంచి. ప్రవక్త ముహమ్మద్ ఒకసారి బజార్లో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందట. ఇదేంటని అడిగితే వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. మరి ఆ తడిసింది జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు మావాడు కాదు అన్నారని హదీసు, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే కథనం. చాచాకు ఇది నోటికొచ్చు. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, తడిసిన ధాన్యం అమ్మొద్దని చెప్పలేదు, పైకి పెట్టి అమ్మమన్నారు. ఇంకొక హదీసులో, అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పుకుని, లోపాలు విప్పి చెప్పుకుంటే ఆ వ్యాపారంలో బర్కత్, అంటే దేవుడిచ్చే వృద్ధి ఉంటుందని, దాచిపెడితే పోతుందని ఉంది. దీని మీదనే న్యాయవేత్తలు పెద్ద కట్టడం కట్టారు. సరుకులో దాగున్న లోపం తర్వాత బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉండాలన్నారు. బేరాల్లో తరచూ మోసపోయే ఒక మనిషి వచ్చి చెప్పుకుంటే, కొనేటప్పుడు మోసం ఉండకూడదని ముందే అనమని, మూడు రోజులు గడువు పెట్టుకోమని ప్రవక్త చెప్పినట్టు ఉంది. ఏడో శతాబ్దిలోనే ఈ ఆలోచన ఉంది, మనం ఇప్పుడు రిటర్న్ పాలసీ అంటున్నాం.

ఇది నాకు అనుభవంలోకి కూడా వచ్చింది. ఇక్కడ కొన్న ఒక రోలాన్ సీసా మూత సరిగా బిగియక హ్యాండ్‌బ్యాగులో కారిపోయింది, లోపలున్న ఆన్సర్ పేపర్లకు కూడా అంటింది. తీసుకుపోయి చూపిస్తే బిల్లు అడగలేదు, ఎప్పుడు కొన్నావని అడగలేదు, మూత తిప్పి చూసి, మరొక సీసాలో నిండుగా పోసి ఇచ్చారు. ఆ మూతల బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేసి, అదే మూత సీసా తీసుకున్న ఇంకెవరో ఇద్దరికి అక్కడే ఫోన్ చేయించారు. డబ్బులు తీసుకోమంటే, "లోపం నాది కదమ్మా" అన్నారు. పెద్ద మాల్స్‌లో కస్టమర్ కేర్ నంబర్ చుట్టూ తిరిగిన వాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ఆడవాళ్లం వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా వెళ్లొచ్చు. ఆ వీధిలో మగవాళ్ల సందడి ఎక్కువ, నిజమే, కానీ ఆడవాళ్లు మెట్టు ఎక్కగానే చాచా లోపలున్న మగవాళ్లను కాసేపు బయట నిలబడమంటారు, ఉన్న ఒక్క స్టూలు మనకు వేస్తారు. ఇస్లాంలో ఆడవాళ్లకు వ్యాపారం లేదని మాట్లాడేవాళ్లు ఎదురైతే నేను మదీనాలో అత్తర్లు అమ్మిన అస్మా బింత్ ముఖర్రిబా గురించి చెప్తాను. ఖలీఫా ఉమర్ కాలంలో ఆమె కొడుకు యెమెన్ నుంచి అత్తర్లు పంపిస్తే ఈమె మదీనాలో ఆడవాళ్లకు అమ్మేది, కొందరికి అప్పు మీద రాసుకుని ఇచ్చేది. ఆమె దగ్గర కొన్న ఒకామె చెప్పిన మాటలు పాత జీవిత చరిత్రల్లో నిలిచి ఉన్నాయి. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి అప్పు పద్దు గురించి మనం ఇప్పుడు చదువుకోగలుగుతున్నాం, నాకైతే ఏ యుద్ధం కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

ఇప్పుడు సరుకు సంగతి. ఒక్కటే కొనాలంటే మట్టి అత్తరు కొనండి. ఎండలకు పగిలిన మన నేల మీద మొదటి వాన పడ్డప్పుడు వచ్చే వాసన, అదే సీసాలో ఉంటుంది. మొదట కొంచెం ఘాటుగా, కొత్త కుండలో నీళ్లు పోసినట్టు వస్తుంది, పది నిమిషాలు పోయాక మెత్తబడి అడుగున గంధం తేలుతుంది. ఆ గంధం తేలడమే దాని నిజం. కన్నౌజ్‌లో దీన్ని తీసే పద్ధతి చాచా చేతులతో గాల్లో చూపిస్తూ చెప్తారు. కాల్చిన మట్టి పెంకులు డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లలో వేసి, మూత చుట్టూ బంకమట్టి పూసి ఆవిరి పోకుండా మూసేస్తారు. దాన్నుంచి వెదురు గొట్టం ఒకటి భప్కా అనే ఇంకొక రాగి పాత్రలోకి పోతుంది, ఆ భప్కా నీళ్ల తొట్టిలో చల్లగా కూచుని ఉంటుంది, దాంట్లో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. కింద కట్టెల మంట. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి గంధం నూనెలో కలుస్తుంది. థర్మామీటరు ఉండదు, చేత్తో తాకి, లోపల సలసల శబ్దం విని మంట ఎంతుండాలో చెప్పే పనివాళ్లున్నారు. తర్వాత ఆ అత్తరును తోలు సీసాల్లో పోసి ఎండలో పెడితే మిగిలిన తడి తోలు గుండా ఆరిపోతుంది. కన్నౌజ్ అత్తరుకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గంధం నూనె ధర ఆకాశంలో ఉంది కాబట్టి ఇప్పుడు ఎక్కువ అత్తర్లు పారాఫిన్ నూనె మీద తీస్తున్నారు. వాసన మొదట అట్లే ఉంటుంది, గంట తర్వాత చూస్తే చేతి మీద జిడ్డు తప్ప ఏముండదు. ఈ అంగట్లో రెండూ ఉన్నాయి, నేను కొన్నప్పుడు గంధం మీద తీసిన మట్టి అత్తరు 3 మిల్లీ సీసా ఏడొందల దగ్గర, పారాఫిన్‌ది నూట యాభై. రెండిట్నీ రెండు చేతుల మీద పెట్టి బజారంతా తిరిగి రమ్మంటారు. తిరిగి వచ్చాక ఏ చెయ్యి మాట్లాడితే అది కొనుక్కోమంటారు. నేను ఏడొందలదే కొన్నాను, ఒక్క చుక్క సాయంత్రం దాకా ఉంటుంది, కాబట్టి లెక్క వేసుకుంటే అది ఖరీదు కాదు.

ఎండాకాలానికి వట్టివేరు అత్తరు, ఖస్ అంటారు, పచ్చగా చల్లగా బ్రహ్మాండంగా ఉంటుంది. మొగలిపువ్వుది మాత్రం నాకు పడలేదు, బిర్యానీ గుర్తొస్తుంది. ఆ పూలు ఎక్కువగా ఒడిశాలోని గంజాం జిల్లావే. చలికాలంలో షమామా అడగండి, మసాలాలు, వేర్లు, నాచు ఇట్లా ఎన్నో కలిపి తీసేది, మనకున్న కొద్దిపాటి చలికి అదే ఎక్కువ.

గులాబీది అడిగేటప్పుడు జాగ్రత్త. అసలు గులాబీ నూనె కిలో రావాలంటే మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి, కాబట్టి నూరు రూపాయలకు దొరికేది గులాబీ కాదు, గులాబీ వాసన. గులాబీ అత్తరు కనిపెట్టింది నూర్జహాన్ అని మా అమ్మ కాలం నుంచి వింటున్నాం, కాని జహంగీర్ తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసింది నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పేరు. ఆమె పన్నీరు తీస్తుండగా పైన తేలిన నూనె తరకను జాగ్రత్తగా తీసి దాచింది, ఒక్క చుక్క అరచేతిలో వేస్తే సభ మొత్తం పరిమళించిందని మురిసిపోయి ఆయన ముత్యాల హారం ఇచ్చాడు. దానికి జహంగీర్ పేరు పెట్టారు, ఆ అమ్మ పేరు జనం నోట్లో కూతురి పేరుగా మారిపోయింది. కనీసం మనమైనా అస్మత్ బేగం పేరు చెప్పుకుందాం.

ఈ అత్తర్ల సంస్కృతి అంతా ఢిల్లీ ఆగ్రాలదే అనుకోవద్దు. దక్కన్‌లో బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్‌షా (1580–1627) ఆస్థానంలో సుగంధాల మీద పారశీకంలో ప్రత్యేకంగా పుస్తకం రాశారు. కర్నూలులో హంద్రీ ఒడ్డున గుమ్మజ్ చూసే ఉంటారు, అబ్దుల్ వహాబ్ సమాధి, ఆయన ఆ బీజాపూర్ తరఫున కర్నూలు ఏలినవాడే, 1618లో చనిపోయాడు. కర్నూలు వెళ్లే పని పడితే చూసి రండి, గుమ్మటం కింద నిలబడి ఆ సుల్తాన్ల కాలపు దక్కన్‌ను తలుచుకుంటే ఈ సీసాలు పరాయివనిపించవు. అంతకు వెయ్యేళ్ల ముందే, ఆరో శతాబ్దిలో వరాహమిహిరుడు సుగంధ ద్రవ్యాలు కలిపే పాళ్లు లెక్కలు కట్టి రాశాడు. గంధం ఇక్కడిది, కర్పూరం సుమత్రా దీవిది, కస్తూరి టిబెట్‌ది, సాంబ్రాణి అరేబియాది, ఇవన్నీ ఒకే ఓడల్లో ఒకే బజార్లకు తిరిగాయి.

కర్పూరం అంటే గుర్తొచ్చింది. ఈ అంగట్లో కర్పూరం కూడా అమ్ముతారు, కొనేవాళ్లలో సగం మంది హారతికి. మిగతా సగం జనాజాకు, ఎందుకంటే ముస్లింలలో చనిపోయినవాళ్లకు చేయించే చివరి స్నానంలో కర్పూరం కలుపుతారు, అది ప్రవక్త చెప్పిన పద్ధతి. ఖురాన్ 76వ అధ్యాయంలో స్వర్గంలో పుణ్యాత్ములు తాగే పానీయంలో కర్పూరం కలిసి ఉంటుందని ఉంది, 83వ అధ్యాయంలో ఆ పానీయానికి కస్తూరి ముద్ర అని ఉంది. పాతకాలంలో ఓడలకు ఎక్కే మేలు రకం కర్పూరం సుమత్రా పడమటి ఒడ్డున బారుస్ రేవు నుంచి వచ్చేది, అరబ్ వర్తకులకూ మన గుళ్లకూ అదే మూలం. ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కుటుంబాలతో వచ్చి, స్వామి భార్యగా చెప్పుకునే ముస్లిం అమ్మాయి బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అని కొబ్బరికాయలు కొట్టే ఊరు మనది. పెద్ద దర్గా ఉరుసులో గంధం రోజు అన్ని మతాల వాళ్లూ బారులు తీరతారు. చాచాను అడిగితే ఆయన దీని గురించి పెద్దగా మాట్లాడరు, ఉగాది ముందురోజు అగరబత్తులు, కర్పూరం ఎక్కువ తెప్పించి పెట్టుకుంటారు, అంతే.

ఆల్కహాల్ సంగతి చాలామంది ముస్లిం పిల్లలు అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా. స్ప్రే సెంట్లలో ఆల్కహాల్ ఉంటుంది కదా, నమాజుకు పనికొస్తుందా అని. పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ద్రాక్ష, ఖర్జూరం నుంచి చేసిన మద్యమే అశుద్ధం, ఫ్యాక్టరీ ఆల్కహాల్‌కు అది వర్తించదని హనఫీ అనే న్యాయ సంప్రదాయానికి చెందిన నేటి పండితుల్లో చాలామంది అంటారు, జాగ్రత్తకోసం దూరంగా ఉంటే మేలనేవాళ్లూ ఉన్నారు. చాచా అంగట్లో రెండూ ఉన్నాయి. అడిగినవాళ్లకు రెండు మాటలూ చెప్పి, మీ ఇమాం గారిని అడగమంటారు. తన అత్తరు అమ్ముడుపోవాలని స్ప్రే హరాం అని చెప్పడం సులువు, అట్లా చెప్పే అంగళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. దీన్ని అడ్డం పెట్టి వ్యాపారం చేయకపోవడం నాకు ఆయనలో అన్నిటికంటే పెద్ద గుణం.

మంచి స్నేహితుడు కస్తూరి అమ్మేవాడిలాంటి వాడని ఒక హదీసు ఉంది. అతను నీకు కొంచెం ఊరికే ఇస్తాడు, లేదా నువ్వు కొనుక్కుంటావు, ఏదీ లేకపోయినా పక్కన కూచున్నందుకు మంచి వాసన అన్నా అంటుతుంది. చాచా దీన్ని బోర్డు రాయించి పెట్టలేదు, కాని ఏమీ కొనకుండా పోతున్నవాళ్ల చేతికి కూడా చుక్క పెట్టి పంపిస్తారు.

ఇక తగ్గించిన ఆ అర మార్కు. చాచా లేనప్పుడు ఆయన మేనల్లుడు కూచుంటాడు. మంచి అబ్బాయే, మర్యాదగా అక్కా అంటాడు, కాని దృష్టంతా బంగారు రంగు డబ్బాల అరబ్ గిఫ్ట్ ప్యాకుల మీదే. తాయిఫ్ గులాబీ అని చూపించాడు, అందులో తాయిఫ్ ఎంత ఉందంటే తెలియదన్నాడు. మక్కాలో కాబా గోడలు కడిగే పన్నీటికి పేరుపడ్డ సౌదీ ఊరది, ఆ పేరు వాడేటప్పుడు కనీసం తెలుసుకుని చెప్పాలి. చాచా వచ్చాక అడిగితే అది నడిమి అరదని వెంటనే చెప్పారు, మేనల్లుణ్ణి ఏమనలేదు గాని ఆ డబ్బా తీసి నడిమి అరలో పెట్టించారు. ఈ అంగడి నిజాయితీ ఒక్క మనిషి మీద ఆధారపడి ఉండటం నాకు దిగులుగా ఉంది. సీసాల మీద చీటీలు అంటించి ఏ అరదో, ధర ఎంతో రాసిపెట్టండని ఆయనకు చెప్పాను, మీకూ అనిపిస్తే మీరూ చెప్పండి. నలుగురు చెప్తే చేస్తారు.

ధరలు రాసి ఉండకపోవడం ఇంకో ఇబ్బంది, మొహమాటం ఉన్నవాళ్లు అడగలేక తిరిగిపోతారు. బేరం లేదు, చెప్పిన ధరే, అది మాత్రం అందరికీ ఒకటే. ఫోన్‌పే ఉంది, కార్డు లేదు. బండి పెట్టుకోవడానికి స్థలం లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచి రావాలి.

గురువారం సాయంత్రం, ఉరుసు రోజులు, రంజాన్ చివరి పది రోజులు అసలు పోవద్దు, చాచా మాట్లాడటానికి తీరిక ఉండదు, మీకు దక్కేది మేనల్లుడు, గిఫ్ట్ ప్యాకులు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తారు. మామూలు రోజుల్లో పొద్దున పదిన్నర, పదకొండు మంచి టైం. వెళ్లేముందు సెంటు కొట్టుకోకండి, చేతులకు క్రీములు పూసుకోకండి. అసలు రూహ్ గులాబ్, అంటే ఏమీ కలపని గులాబీ నూనె కావాలంటే ముందు చెప్పి అడ్వాన్సు ఇస్తేనే తెప్పిస్తారు, సీసా విప్పి మీకు చూపించాకే మిగతా డబ్బు తీసుకుంటారు, నచ్చకపోతే అడ్వాన్సు వాపసు.